నోటుపై నక్షత్రము

ఉగాది సంచికకు ఏదైనా ఒక చరిత్ర విషయము వ్రాయుమని సంఘము పెద్దలు మమ్ములను కోరినప్పుడు కొంత తటపటాయించినాము. మేము మెట్రిక్ వరకు మాత్రమే చదివి రైల్వేలో గుమాస్తాగా చేరినవారము. రాజుల చరిత్ర, శాసనముల చరిత్ర వ్రాయగల విద్వాంసులు మన షోలాపూరు తెలుగువారిలో లేకపోలేదు. మాకు తెలిసినదల్లా టిక్కెట్టు, నోటు, చిల్లర. కనుక మా చేతిలో రోజూ నలిగే నోటు చరిత్రనే కొంచెము చెప్పుదుమని సాహసించినాము. ఇది వ్రాయుటకు మరొక కారణము కూడ ఉన్నది. అది మా తప్పు. ముందుగా దానినే ఒప్పుకొని తరువాత విషయములోనికి పోవుదుము.

2023వ సంవత్సరము జూలై నెలలో మేము ఒక చిన్న స్టేషనులో టిక్కెట్ల కిటికీ దగ్గర పనిచేయుచున్నాము. ఒకనాటి మధ్యాహ్నము బండి వచ్చే వేళకు వరుసలో ఒక పెద్దమ్మ నిలుచున్నది. చేతి వేళ్లు చూడగానే బీడీలు చుట్టే మనిషి అని తెలిసినది. వికారాబాదుకు రెండు టిక్కెట్లు ఇమ్మని అయిదువందల నోటు లోపలికి త్రోసినది. నోటు తిప్పి చూచినాము. అంకెల నడుమ ఒక చుక్క గుర్తు, నక్షత్రము. అప్పటికి రెండు మూడు రోజులుగా అందరి ఫోనులలో ఒక సందేశము తిరుగుచున్నది: అంకెలలో నక్షత్రమున్న నోటు దొంగ నోటు, పుచ్చుకొనవద్దు అని.

"ఈ నోటు నడవదమ్మా, వేరేది ఇయ్యి" అన్నాము.

"గిది నాకు బ్యాంకులనే ఇచ్చిండ్రు బిడ్డా. నా తాన ఇంకో నోటు లేదు" అన్నది ఆమె.

వెనుక వరుస పెద్దది. "జరగమ్మా, బండి వస్తున్నది" అని వెనుకవారు కేక వేసినారు. ఆమె ఇంకొక మాట అనకుండ నోటును కొంగున ముడివేసికొని ప్రక్కకు తొలగినది. బండి వచ్చినది, పోయినది. ఆ సాయంత్రము గల్లా సర్దుచుండగా మా గల్లాలోనే అటువంటి నక్షత్రపు నోట్లు మూడు బయటపడినవి. వాటిని ఎవరి దగ్గర ఎప్పుడు పుచ్చుకొన్నామో మాకే తెలియదు! చూడనంతసేపు అవి మంచి నోట్లు. చూచిన ఒక్కటి మాత్రము దొంగ నోటు అయినది. బయటికి వచ్చి ప్లాట్‌ఫారమంతా వెదకినాము. ఆమె కనబడలేదు.

ఇక ఆ నక్షత్రము సంగతి.

నోటుకు సంఖ్య ఎందుకు? మన దేశములో ప్రభుత్వపు కాగితపు నోట్లకు ఆధారము 1861వ సంవత్సరపు పేపర్ కరెన్సీ చట్టము. అంతకు ముందు బెంగాలు, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీ బ్యాంకులు ఎవరి నోట్లు వారు వేసుకొనేవి. ప్రభుత్వపు తొలినాటి నోట్లు ఒక్క వైపే అచ్చయ్యేవి. సంఖ్య మాత్రము రెండు చోట్ల ఉండేది. ఆ రెండు చోట్ల ఉండుటలో ఎంత ఉపకారమున్నదో చూడండి. పెద్ద మొత్తము టపాలో పంపవలసివచ్చిన వర్తకులు నోటును నడిమికి రెండుగా కోసి ముందు ఒక సగమే పంపేవారు. అది చేరినట్లు జాబు వచ్చిన తరువాత రెండవ సగము పంపేవారు. అవతలివారు రెండు ముక్కల మీది సంఖ్య ఒక్కటే అని సరిచూచుకొని అతికించుకొనేవారు. దారిలో దొంగ చేతికి ఒక సగము చిక్కినా అది వానికి చిత్తు కాగితమే. అట్లు కోసి అతికించిన నోట్లు నేటికిని సేకరణదారుల దగ్గర కనిపించును. ఏ రెండు నోట్లకు ఒకే సంఖ్య ఉండరాదన్న కట్టుబాటు మీదనే ఆ నమ్మకమంతా నిలిచినది.

ఆ నోట్లు ఇంగ్లండులో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండువారి దగ్గర అచ్చయి ఓడల మీద వచ్చేవి. 1928లో మన రాష్ట్రములోని నాసిక్‌లోనే నోట్ల అచ్చు మొదలైనది. నేడు నాసిక్, మధ్యప్రదేశములోని దేవాస్, కర్ణాటకములోని మైసూరు, పశ్చిమ బెంగాలులోని సాల్బోని అను నాలుగు చోట్ల నోట్లు అచ్చగుచున్నవి.

సంఖ్య అంటే ఏమిటో మా ఉద్యోగములో ఉన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు. మా నాయనగారును బుకింగు గుమాస్తాయే. ఆయన కాలములో అట్ట టిక్కెట్లు. 1830ల దశకములో ఇంగ్లండులో టామస్ ఎడ్మండ్సన్ అను రైల్వే ఉద్యోగి కనిపెట్టిన పద్ధతి అది. ప్రతి అట్ట మీద వరుస సంఖ్య. పొద్దున ఏ సంఖ్యతో అమ్మకము ప్రారంభమైనది, రాత్రి ఏ సంఖ్యతో ఆగినది పుస్తకములో ఎక్కించవలసినదే. మధ్య ఒక్కటి లోపించినా దాని వెల గుమాస్తా జేబులోనుండి పోవలసినదే. నేడు అట్టలు పోయి కాగితపు చుట్టలు వచ్చినవి. అయినా చుట్ట మీది వరుస సంఖ్య పోలేదు. అచ్చు చెడిన టిక్కెట్టును చించి బుట్టలో వేయుటకు వీలులేదు. చెడినదని వ్రాసి, దాచి, లెక్కకు అప్పగించవలెను. చెడినదానికి కూడ లెక్క ఉన్నది.

ఇప్పుడు అదే చిక్కును నోట్ల అచ్చుకూటములో ఊహించండి. నోట్లు ఒక్కొక్కటిగా అచ్చు కావు. పెద్ద షీటు మీద అనేకము ఒకేసారి అచ్చగును. సంఖ్యలు షీటు మీద ప్రక్కప్రక్కన వరుసగా ఉండవు. ఒక షీటులో ఒక మూలనున్న నోటుకు తరువాతి సంఖ్య, దాని క్రింది షీటులో అదే మూలనుండును. అట్టి నూరు షీట్లు దొంతరగా పేర్చి కోసినప్పుడు ప్రతి మూలనుండియు వరుస సంఖ్యలతో నూరు నోట్ల కట్ట ఒకటి వచ్చును. కనుక ఒక్క షీటు పాడైనచో, ఆ షీటులో ఎన్ని నోట్లున్నవో అన్ని కట్టలలో ఒక్కొక్క సంఖ్య లోపించును. సిరా పులుముకొనుట, కాగితము మడతపడుట, అచ్చు పక్కకు జరుగుట - ఎంత మంచి యంత్రమునకైనా ఇవి తప్పవు.

మరి ఆ ఖాళీ ఎట్లు పూడ్చవలెను? పాత పద్ధతి ఒకటే: చెడిన నోటుకు ఏ సంఖ్య ఉన్నదో అదే సంఖ్యతో మరొక నోటు ప్రత్యేకముగా అచ్చువేసి, ఆ కట్టలో, ఆ స్థానములోనే పెట్టుట. మన మగ్గము మీద పడుగులో ఒక పోగు తెగితే నేతగాడు మగ్గము ఆపి, ఆ పోగునే వెదకి, ముడివేసి, అచ్చులో దాని కన్నములోనుండియే తీయును గదా! అటువంటి పనియే ఇది. పని శుద్ధమైనదే గాని, కోట్ల కొలది నోట్లు అచ్చువేయు చోట ఒక్కొక్క సంఖ్యకై యంత్రము సవరించుట ఎంత కాలహరణమో చెప్పనక్కరలేదు.

ఈ చిక్కునకు అమెరికావారు 1910లో ఒక ఉపాయము అవలంబించినారు. చెడిన నోటు సంఖ్యనే మరల అచ్చువేయు పని మానివేసి, ముందుగానే వేరొక వరుసలో కొన్ని నోట్లు అచ్చువేసి సిద్ధముగా ఉంచుకొన్నారు. వాటి సంఖ్యకు ఒక నక్షత్రము గుర్తు. కట్టలో ఎక్కడ చెడిన నోటు తీసివేసినారో అక్కడ ఒక నక్షత్రపు నోటు పెట్టుదురు. కట్టకు నూరు నోట్లు సరిపోయినవి. రెండు నోట్లకు ఒకే సంఖ్య రాదు. చెడిన సంఖ్య శాశ్వతముగా రద్దు. వారి ఫెడరల్ రిజర్వు నోట్లపై ఈ నక్షత్రము సంఖ్యకు చివర, మామూలుగా అక్షరముండు చోట కనిపించును. వారి సంఖ్యా యంత్రమునకు ఎనిమిది అంకెలే గనుక, పదికోట్లవ నోటు వేయవలసివచ్చినప్పుడు దానికిని నక్షత్రపు నోటునే వాడినారు.

తరువాత ఇతర దేశములు కూడ ఈ దారి పట్టినవి. కెనడావారు 1954 నాటి నోట్ల వరుసలో సంఖ్యకు ముందు నక్షత్రము వేసినారు. పిమ్మట అది మాని, ముందుండు అక్షరములలో ఎక్స్ అను అక్షరమును గుర్తుగా పెట్టుకొన్నారు. ఆస్ట్రేలియావారు 1966లో డాలరుకు మారిన పిమ్మట కొంతకాలము నక్షత్రమునే వాడినారు. మలేషియా, సింగపూరు నోట్లలో జెడ్ అను అక్షరముతో మొదలగు వరుసలు ఇట్టివి. కనుక విదేశపు నోట్లు సేకరించు మన పిల్లలు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను: ప్రత్యామ్నాయపు నోటుకు అన్ని దేశములలో నక్షత్రమే ఉండదు. ఏ దేశము ఏ గుర్తు పెట్టుకొన్నదో తెలిసికొనిన తరువాతనే సంఖ్యను చదువవలెను.

మన దేశములో ఈ మార్పు 2006లో వచ్చినది. అంతవరకు మన అచ్చుకూటములలో చెడిన నోటు స్థానములో అదే సంఖ్యగల నోటునే పెట్టుచుండిరి. క్రొత్త నోట్ల కట్ట విప్పితే నూరును వరుస తప్పక ఉండేవి. 2006లో రిజర్వు బ్యాంకువారు ఇతర దేశముల పద్ధతితో సమముగా ఉండునట్లును, పని వేగముగా, తక్కువ ఖర్చులో సాగునట్లును నక్షత్రపు వరుసను ప్రవేశపెట్టినారు. మొదట పది, ఇరువది, ఏబది రూపాయల నోట్లకు మాత్రమే. అటుపై నూరు రూపాయల నోటుకు వచ్చినది. 2016 నవంబరులో పాత అయిదువందల, వెయ్యి నోట్లు రద్దయిన పిమ్మట ఆ డిసెంబరులో అయిదువందల నోటుకు తొలిసారిగా నక్షత్రము వచ్చినది.

ఇక్కడ మన తెలుగువారు సంతోషింపదగిన విశేషము ఒకటి. నక్షత్రపు వరుస మొదలైన నాటికి రిజర్వు బ్యాంకు గవర్నరు కడప జిల్లాలో పుట్టిన యాగా వేణుగోపాలరెడ్డిగారు. 2003 నుండి 2008 వరకు ఆయనయే గవర్నరు. ఆయన తరువాత 2013 వరకు ఆ పదవిలోనున్న దువ్వూరి సుబ్బారావుగారు కూడ తెలుగువారే. కాబట్టి మన దేశపు తొలి నక్షత్రపు నోట్ల మీది సంతకము ఒక తెలుగువాని సంతకము. ఇది మేము మా పిల్లలకు నోటు చూపించి మరీ చెప్పుచుందుము.

ఇక గుర్తుపట్టు విధానము. మన నోటు మీద సంఖ్య రెండు చోట్ల ఉండును. మొదట అంకెయు అక్షరములును కలిసిన ఒక ఉపసర్గ. తరువాత ఆరు అంకెల సంఖ్య. ఉదాహరణకు 5 ఏసీ అనునది ఉపసర్గ అనుకొనండి, 234567 అనునది సంఖ్య. మామూలు నోటులో రెండింటికి నడుమ ఖాళీ ఉండును. నక్షత్రపు నోటులో ఆ ఖాళీలోనే నక్షత్రముండును. ముందు గాని, చివర గాని, వేరొక మూలన గాని ఉండదు. రెండు చోట్లను ఉండవలెను. 2015 నుండి మన నోట్లపై అంకెలు ఎడమనుండి కుడికి క్రమముగా పెరుగుచు అచ్చగుచున్నవి. అట్లు చిన్నవి పెద్దవిగా ఉన్నంత మాత్రాన అది నక్షత్రపు నోటు కాదు, తప్పు అచ్చును కాదు. 2005 నుండి నోటు వెనుక అచ్చు సంవత్సరము వేయుచున్నారు. నక్షత్రము 2006లో వచ్చినది గనుక, వెనుక 2005 అని ఉండి ముందు నక్షత్రము కనిపించినచో దానిని ఎవరో తమ చేతితో చేర్చినారని గ్రహించవలెను. నక్షత్రపు సిరా రంగును ప్రక్క అంకెల సిరాతో పోల్చి చూచుట కూడ మంచిది.

నక్షత్రపు నోటున్న కట్టలో నూరు నోట్లుండునే గాని సంఖ్య వరుసగా నడవదు. కట్టకు చుట్టిన కాగితపు పట్టీ మీద ఈ కట్టలో నక్షత్రపు నోట్లున్నవని ముందే అచ్చువేసి చెప్పవలెనని రిజర్వు బ్యాంకువారి ఏర్పాటు. చూచినారా! ఇందులో దాచినది ఏమియు లేదు. చెడినది ఒకటి తీసివేసినాము, దాని చోట మంచిది పెట్టినాము, ఇదిగో గుర్తు, అని నోటు మీదనే చెప్పుచున్నారు. దొంగ నోటు వేయువాడు తన నోటు పదిమందిలో కలిసిపోవలెనని కోరును గాని, నడిమధ్యన నక్షత్రము వేసి వేలెత్తి చూపుకొనునా? ఆనాడు కిటికీ వెనుక కూర్చున్న మాకు ఈపాటి ఆలోచన తట్టలేదు.

సేకరణదారులకు ఈ నోట్ల మీద మక్కువ ఎక్కువ. ఏ సంవత్సరము, ఏ గవర్నరు సంతకము, ఏ ఉపసర్గ, సంఖ్య వెనుక ఏ చిన్న అక్షరము అని పట్టికలు వేసికొని ఒక్కొక్కటి కూర్చుదురు. ప్రత్యామ్నాయముగా మాత్రమే అచ్చయినవి గనుక ఇవి మామూలు నోట్లకన్న తక్కువ. మా స్నేహితులు కొందరు జీతము రాగానే ముందు నోట్లు తిరగవేసి నక్షత్రము వెదకుదురు; ఇల్లాలి చేతికి నోట్లు తరువాత పోవును! ఇది ముచ్చటైన కాలక్షేపమే. కాని ప్రతి నక్షత్రపు నోటు లక్షలు పలుకునని ఎవరైనా చెప్పినచో నమ్మవద్దు. చేతులు మారి నలిగిన పది రూపాయల నక్షత్రపు నోటు విలువ సాధారణముగా పది రూపాయలే. పాత నోట్లు, నాణెములు కొందుము, అమ్మిపెట్టుదుము అని రిజర్వు బ్యాంకు పేరు చెప్పి రుసుము గుంజు మోసగాండ్రున్నారని ఆ బ్యాంకువారే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినారు. ఇట్టి వ్యవహారములతో తమకు సంబంధము లేదని స్పష్టముగా చెప్పినారు.

చూడండి విడ్డూరము. ఒకే నక్షత్రమును చూపి ఒకరు దీనికి లక్ష రూపాయలు వచ్చుననిరి; మరొకరు దీనికి రూపాయి కూడ రాదనిరి. రెండును అబద్ధములే. రెండు అబద్ధములకును నష్టపోవువాడు ఆ నోటు తప్ప మరొకటి చేతిలో లేనివాడే.

2023 జూలై 27న రిజర్వు బ్యాంకువారు ప్రకటన చేసినారు. నక్షత్రమున్న నోటు, చెడిన నోటుకు బదులుగా పెట్టిన నోటు మాత్రమేననియు, మిగిలిన చట్టబద్ధమైన నోట్లతో అది అన్ని విధముల సమానమేననియు అందులో తెలియజేసినారు. పత్రికలలో అది చదివిననాడు మాకు అన్నము సహించలేదు. అప్పటికి ఆ పెద్దమ్మ వచ్చిపోయి కొన్ని రోజులైనది. ఆమె పేరు మాకు తెలియదు. వికారాబాదులో ఆమెకు ఏ పని ఉన్నదో, పెండ్లియో, చావో, అదియు తెలియదు. మేము ఇంటికి వచ్చి చెప్పగా మా తల్లిగారు, "బ్యాంకు నోటు కాదని ఆమెను తిప్పిపంపినవు. ఫోనుల వచ్చిన మాట ఎవరిచ్చిండ్రని అడిగినవా?" అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేకపోయినది.

కనుక ఈ సంచిక చదువు తెలుగు కుటుంబములవారికి, ముఖ్యముగా దుకాణములు, పాల కేంద్రములు, చిట్టీలు నడుపువారికి మా మనవి ఇది. కష్టపడిన కూలి తెచ్చుకొన్నవారు నక్షత్రపు నోటు ఇచ్చినచో వెనుకకు త్రోయకండి. నోటు అసలుదో కాదో చూడవలెనన్నచో నీటిగుర్తు చూడండి, భద్రతా దారము చూడండి. ఆ పరీక్షలు నక్షత్రమున్నదానికి లేనిదానికి ఒక్కటే. మీ ఇంటిలో పిల్లలుంటే వారిచేత ఆ నోటు చదివించండి. మహాత్ముని బొమ్మ అదే, గవర్నరు సంతకము అదే. వెనుక పదునైదు భాషల పట్టికలో తమిళమునకు క్రింద, ఉర్దూకు పైన మన తెలుగు పంక్తి కూడ ఎప్పటిచోటనే ఉండును. ఊరు విడిచి మూడు తరములైనా మన పిల్లలు రోజూ చూడగల తెలుగు అక్షరములు కొన్ని ఆ కాగితము మీద ఉన్నవి.

ఇప్పుడు మా కిటికీ అద్దము మీద లోపలి వైపున ఒక చిన్న చీటీ అంటించుకొన్నాము. నక్షత్రపు నోటు చెల్లును అని దానిమీద వ్రాసినాము. అది ప్రయాణికులు చదువుటకు కాదు, మేము చదువుకొనుటకు.